మూడు పొడి గోతులు

హకోదాతేలో రాత్రి రెండు దాటాక
ట్రాము పట్టాలు కూడా చల్లబడి ఊరుకుంటాయి.
అప్పుడు మొదలవుతుంది మా పని.
కుజుమాకి గారు ఇనుప కర్ర ఒక కొస రోడ్డు మీద మోపి
రెండో కొస చెవికి ఆన్చుకుంటారు.
లాంతరు పట్టుకుని నేను ఊపిరి బిగబడతాను.
నా బూటు కిర్రుమంటే తిట్టరు,
మళ్ళీ మొదటి నుంచి వింటారు.

భూమిలో కారే నీటికి ఒక సణుగుడు ఉంటుందట.
మురుగుకాలవ గొంతు వేరు, ఫ్రిజ్జు మోటారు గొంతు వేరు.
ముప్ఫై ఒక్క ఏళ్ళలో
ఆయన సుద్దగీత పెట్టిన చోట తవ్వితే
నీళ్ళు పడని రోజు లేదు.

పోయిన చలికాలం మూడుసార్లు తవ్వాం.
మూడూ పొడి గోతులే.
చర్చి వాలు మీద ఒకటి,
చేపల బజారు వెనక ఒకటి,
ప్రసూతి ఆసుపత్రి గేటు ముందు ఒకటి.
"హోరు వినిపించింది చిజురూ,
ఆగి ఆగి, అల లాగా" అన్నారాయన
గోతి అంచున చతికిలబడి.
ఆఫీసులో ఎవరో అన్నారు: ముసలి చెవి.
విననట్టు నేను టీ కలిపాను.

వాలు ఎక్కుతూ సగంలో ఆగిపోవడం,
కనురెప్ప లోపలి తెలుపు,
మోకాలి లోతు మంచులో నిలబడి
జేబులోంచి ఐసు ముక్కలు తీసి కరకర నమలడం
అన్నీ చూస్తూనే ఉన్నాను.
చూడడం మా పని కాదు కదా.

వీధి చివర డాక్టరు ఇనుము మాత్రలిచ్చాడు.
మలం నల్లగా వస్తుంది, కంగారు పడొద్దన్నాడు.
ఆయన కంగారు పడలేదు.
ఆ నలుపు చాటున
ఇంకో నలుపు, చాప కింద నీరులా,
ఎన్నాళ్ళనుంచో.

హిమోగ్లోబిన్ ఐదుకు దిగాక
పెద్దాసుపత్రిలో నాలుగు సంచుల రక్తం ఎక్కించారు.
పైనుంచి గొట్టం వేశారు, శుభ్రం.
కిందనుంచి గొట్టం వేశారు, శుభ్రం.
మధ్యలో ఆరు మీటర్ల పైపు,
ఏ మ్యాపులోనూ నిలకడగా ఉండనిది.
కెమెరా ఉన్న మాత్ర మింగించి
నడుముకు రికార్డరు కట్టినప్పుడు
ఆయన ముచ్చటపడ్డారు:
"మనకీ ఇలాంటిది ఇస్తే బాగుండు."

యాభై వేల ఫొటోల్లో
పదకొండింట్లో మాత్రమే ఉందది.
నేరేడు పండు రంగు, నేరేడు పండంత,
రక్తనాళాలు తమలో తామే చిక్కుపడి కట్టిన ముద్ద.
దాని నెత్తిమీద ఎర్రటి చెమ్మ.
"క్యాన్సర్ కాదు, చాలా అరుదు" అంది డాక్టర్ తోకివా,
"పుట్టుకతోనే ఉండి ఉండొచ్చు. నిరపాయకరమైన కణితి."
నిరపాయకరం. ఆయన ఆ మాటను
ఐసు ముక్కలా బుగ్గన పెట్టుకున్నారు.
"కుళాయి మంచిదేనన్నమాట,
కట్టడమే మరిచారు."

నేనే అడిగాను ఆ హోరు గురించి.
రక్తం పలచబడితే గుండె తొందరపడుతుంది,
ఆ పరుగు కొందరికి చెవిలో మోగుతుంది అందామె
కాగితాలు సర్దుతూ, అదేదో చిన్న సంగతన్నట్టు.
గదిలో కాసేపు ఎవరం మాట్లాడలేదు.
కిటికీ అవతల స్క్విడ్ పడవల దీపాలు.
"అయితే కారుతున్న మాట నిజమే" అన్నారాయన చివరికి.
"చిరునామాయే తప్పు."

తొమ్మిది సెంటీమీటర్లు కోసి
రెండు కొసలూ కలిపి కుట్టారు.
మూడో రోజు నర్సు స్టెతస్కోపుతో వచ్చి
పేగు కదలిక కోసం వెతుకుతుంటే
"ఇటివ్వమ్మా ఒకసారి" అన్నారు.
కళ్ళు మూసుకుని, తన పొట్ట మీద తనే
అంగుళం అంగుళం జరుపుతూ విన్నారు.
ఎడమ చెయ్యి పైకి లేచింది,
రాత్రుళ్ళు నన్ను ఆపే చెయ్యి.
నేను ఊపిరి బిగబట్టాను. నర్సు కూడా.
ఎక్కడో గుడగుడమంది.
ఆయన నవ్వబోయి కుట్లు పట్టుకున్నారు.

ఏప్రిల్లో పనిలోకి వచ్చారు. ఐసు మానేశారు.
ప్రసూతి ఆసుపత్రి ముందు తారు అతుకు
పాత రోడ్డు కన్నా నల్లగా ఉంది ఇంకా.
దాన్ని దాటేటప్పుడు ఆయన పక్కకి చూస్తారు.
రిజిస్టరులో ఆ మూడు గోతులకు ఎదురుగా
'కారణం' అన్న గడి ఖాళీగా ఉంది.
ప్రతి నెలా పై అధికారి పెన్సిలుతో
దాని చుట్టూ సున్నా చుట్టి నాకు పంపుతాడు.
ఏం రాయాలో నాకు తెలుసు.
గడి చిన్నది.